నూనె పెట్టకండి

డాలస్‌లో నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే: "అన్నా, తోలు కేసు మెరుపు పోయింది, ఏ నూనె పెట్టమంటావు?" ఏదీ పెట్టొద్దు తమ్ముడూ అంటే ఒక పట్టాన నమ్మరు.

పూల్ ఆడే కర్రను, అదే క్యూను, దాచుకునే పాత తోలు కేసులు కొని, బాగుచేసి అమ్ముతాను. చేత్తో చేసినవి మాత్రమే. అమ్మబుద్ధి కానివి బీరువాలో చేరాయి. మా ఆవిడ దీన్ని వ్యాపారం అనడం మానేసింది.

క్యూ పొడవు దాదాపు 58 అంగుళాలు. మధ్యలో మర విప్పితే రెండు ముక్కలు: లావుది బట్, సన్నది షాఫ్ట్. "టూ బై ఫోర్" కేసంటే రెండు బట్లు, నాలుగు షాఫ్టులు పట్టేది. 1975లో పోయిన జార్జ్ బలబుష్క చేసిన క్యూలు ఇప్పుడు వేల డాలర్లు పలుకుతాయి. 1986లో వచ్చిన "ది కలర్ ఆఫ్ మనీ"లో టామ్ క్రూజ్ చేతిలో ఉన్నది బలబుష్క అన్నారు గానీ, కెమెరా ముందు ఆడింది దాన్ని పోలిన జాస్ కంపెనీ క్యూ. అంత ఖరీదైన కర్రను మామూలు సంచిలో ఎవరు పెడతారు? జే ఫ్లవర్స్, జాక్ జస్టిస్ లాంటి పనివాళ్ల కేసులకు గిరాకీ అందుకే.

కొనేవాళ్లు ముందు పూలచెక్కడం చూస్తారు. నేను మూత తీసి వాసన చూస్తాను. బూజు వాసన తగిలితే బేరం అక్కడితో సరి, ఎందుకంటే చెమ్మ తగిలిన కర్ర వంకరపోతుంది. ఆ తర్వాత కుట్టు. ఒకే మైనపు దారం, రెండు కొసలకీ రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచీ ఎదురెదురుగా దూరితే అది చేతికుట్టు. ఒకచోట తెగినా పక్కది నిలుస్తుంది. మిషన్ కుట్టు తెగిందంటే లాగినకొద్దీ ఊడొస్తుంది.

గుండీలు అసలు సంగతి చెప్పేస్తాయి. ఇత్తడి గుండీ చుట్టూ ఆకుపచ్చగా, మైనంలా ఏదో పేరుకుని ఉంటుంది. ఇత్తడిలోని రాగి, తోల్లోని కొవ్వు కలిస్తే పుట్టేదది. వెదురు పుల్లతో మెల్లగా గీకి తీస్తాను. ఎంత దట్టంగా ఉంటే యజమాని అంత నూనె తాగించాడన్నమాట. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె గుర్రపు జీన్లవాళ్ల అలవాటు. బాగా ఎండిన తోలుకు కాస్త పట్టిస్తే మంచిదే. నెలనెలా పట్టిస్తే తోలు నల్లబడి మెత్తబడుతుంది, చెక్కిన రేకుల అంచులు అణిగిపోతాయి, జిడ్డు లోపలి బట్టలోకి దిగి చివరికి షాఫ్టుకే అంటుతుంది. ఎండిన కేసును దారికి తేగలను గానీ, నూనె తాగినదాన్ని పిండలేను.

చెక్కడం నిలవాలంటే చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. దాన్ని తడిపి, కత్తితో గీసి, అచ్చు పెట్టి సుత్తితో కొడితే ఆరాక ఆ గుర్తు అలాగే ఉంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మీద కొడితే దిండులా మళ్లీ లేచిపోతుంది. సెయింట్ లూయిస్‌లో 1881 నుంచి ఉన్న హెర్మన్ ఓక్ వాళ్ల తోలు చేతికొచ్చినప్పుడు తోళ్లు పదును చేసే మా తాత లంద గుర్తొస్తుంది. ఆయన తంగేడు చెక్క వాడేవాడు. ఒకప్పుడు మద్రాసులో ఓడలెక్కిన తోళ్లకు పదును పట్టిందీ ఆ చెక్కతోనే. లంద ఊరికి దూరంగా ఉండాలన్నారు, తాతనూ దూరంగానే ఉంచారు. ఇక్కడేమో కేసును ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదీ తోలు వాసనంటే" అని మురిసిపోతూ డాలర్లు లెక్కపెడతారు.

మొసలి తోలు కేసులు కాగితాలు లేకుండా ముట్టను. దేశం దాటించాలంటే సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం కింద అనుమతులు, నానా తంటా.

ఈమధ్య ఒకాయన భుజం పట్టీ మార్చమని తెచ్చాడు. అరిగింది నిజమే, తెగలేదు. అసలు పట్టీ తీసేస్తే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారని చెప్పాను. "నేను అమ్మను బాబూ, భుజానికి గుచ్చుకుంటోంది" అన్నాడు. దానికి నేనేం అంటాను? కొత్త పట్టీ కుట్టి, పాతది కేసు జేబులో పెట్టి పంపాను.