పాత వంటిండ్లు: బందరు మొదలు దివిసీమ వరకు

కృష్ణవేణి రెండు పాయలుగా చీలి సముద్రమును చేరు ఈ పల్లపు సీమలో నల్లరేగడి నేల వానకారున ఉబ్బి, వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, తనమీద నిలిచిన గోడలను ఏటేట కదల్చుచుండుట చేతను, సముద్రము సమీపమగుట వలన భూమిలోని నీటియందు ఉప్పుపాలు హెచ్చుగ నుండుట చేతను, ఇక్కడి గృహములు మెట్టసీమ గృహముల కంటె త్వరగా వార్ధక్యమును పొందును. ఆ గృహములందును అన్నిటికంటె ముందుగ శిథిలమగునది వంటిల్లు. నేలనుండి చెమ్మ, పొయ్యినుండి పొగ, గిన్నెలు కడుగు చోటినుండి మురుగునీరు, ఈ మూడును నిత్యమును సోకు గది యింటిలో మరియొకటి లేదు. ఆ గది పాడుపడినప్పుడు గృహస్థునకు తోచు ఉపాయము, పడగొట్టి కొత్తది కట్టించుట. కొత్తదనగా నేడు రంగు పలకల అలమరలు, నునుపురాతి గట్టు, పొగను పీల్చు యంత్రము. వెరసి లక్షలతో కూడిన పని. ఆ లక్షలు కూడునంతవరకు ఐదేండ్లు గడచునో, పదియేండ్లు గడచునో యెవరికిని తెలియదు. ఆ నడిమికాలమంతయు ఇల్లాలు చీకటిలోను చెమ్మలోను నిలుచుండి వండవలసినదేనా, స్వల్పవ్యయముతో ఆ గదిని మరల మనుష్యయోగ్యముగ చేసికొను మార్గము లేదా, యను ప్రశ్న నన్ను చాలకాలముగ బాధించుచుండెను. ఆ ప్రశ్నతోనే బందరు, గుడివాడ, దివిసీమలలో కొన్ని వంటిండ్లను, వాటిని బాగుచేయు పనివాండ్రను చూచి వచ్చితిని.

బందరులో నేను చూచినది ఒక పాత మండువా లోగిలి. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పుకొన్న ఈ రేవుపట్టణము 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో పరిసర గ్రామములతో కూడ సుమారు 30,000 మందిని పోగొట్టుకొన్నది. సముద్రము ఇంటిలోనికి వచ్చుట యెఱిగిన ఊరు గనుక, గోడకు ఉప్పు పట్టుట యిచ్చట వింతకాదు. ఆ లోగిలి స్తంభములు రంగూను టేకువి, కప్పు మంగుళూరు పెంకులది. ఆగ్నేయమూలనున్న వంటిల్లు మాత్రము పట్టపగలు దీపము లేక కానరాదు. డెబ్బది యేండ్లు దాటిన గృహిణి నన్ను లోనికి తీసికొనిపోయి, నేలకు రెండడుగుల యెత్తువరకు పొక్కులు లేచి రాలిపోవుచున్న గోడను చూపి, "రెండేళ్ల కిందటే ఖరీదైన రంగు వేయించామండీ, చూడండి ఎలా అయిందో" అని నిట్టూర్చెను. ఆమె వెనుకనే, ఆ గోడను బాగుచేయుటకు వచ్చిన వృద్ధుడగు తాపీమేస్త్రి నిలిచియుండెను. అతడు ఒక పొక్కును గోటితో గీకి, లోపలనున్న తెల్లని ఉప్పుపొడిని వ్రేలికొనపై నాకు చూపి, "గోడకి ఊపిరాడాలండి. రంగేసి మూసేస్తే లోపలి చెమ్మ ఎటు పోద్ది? ఆ రంగునే తోసుకుని బయటికొస్తది" అనెను.

ఆ యొక్కమాటలో ఉన్న శాస్త్రము నెంత విప్పినను తరుగదు. ఇటుక నేలలోని నీటిని పైకి పీల్చును. నీటితో ఉప్పును వచ్చును. నీరు గాలికి ఆరిపోగా ఉప్పు గోడపై పేరుకొని, పేరుకొనుచు పూతను పగులగొట్టును. నూనెరంగుగాని ప్లాస్టిక్ రంగుగాని సిమెంటు పూతగాని ఆ తేమను బయటకు పోనీయక బిగించుటచే అది మరికొంత యెత్తునకెక్కి అచ్చట పగులును. సున్నమట్టిది కాదు. సున్నపుపూతకు సూక్ష్మరంధ్రము లుండును గనుక తేమ వాని గుండ నెమ్మదిగ వెలుపలికి పోవును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నము క్రమముగ రాయిగ మారుచు గోడను విడువక పట్టుకొనును. ఈ తీరసీమలో పూర్వము గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నమునే వాడెడివారు. మేస్త్రి పద్ధతి యిది: మొదట పాతరంగును పూర్తిగ గీకవలెను; ఉప్పు తేలినచోట నీరు తగులనీయక పొడి కుంచెతోనే దులుపవలెను, ఏలయన తడిపినచో ఆ ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. పొయ్యి వెనుక జిడ్డుమసి పట్టిన గోడకు దీనికి విరుద్ధమగు చికిత్స. దానిని చాకలిసోడా కలిపిన వేడినీటితో కడిగి ఆరబెట్టవలెను, లేనిచో సున్నము నిలువదు. తరువాత కొన్నిదినములు నానిన సున్నమును వడగట్టి, తుమ్మజిగురు కలిపి, తెల్లదనమునకు చిటికెడు నీలిమందు చేర్చి, పలుచగ మూడు పూతలు వేయవలెను. ఒక్కటే చిక్కనిపూత వేసినచో పెచ్చులూడును. సున్నము కంట పడినచో చూపునకే ప్రమాదము గనుక, కప్పు వంక చూచుచు పూయువాడు కండ్లకు అడ్డుపెట్టుకొనక పనికి దిగరాదని అతడు తన శిష్యుని నా యెదుటనే మందలించెను.

ఈ పట్టణముననే 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించి, పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును అందు గౌరవస్థానము నిచ్చిరి. ఆ మేస్త్రి మాటలాడుచుండగా నాకు ఆ మహనీయుల సంకల్పము మాటిమాటికి జ్ఞప్తికి వచ్చెను. గోడ గుణము నెఱిగిన యిట్టివాని యొక్క దినపు కూలితో తీరు పనికి, గుణ మెఱుగక కొన్న రంగు డబ్బాలకు ఆ యింటివారు అంతకు ఎన్నియోరెట్లు వెచ్చించి యుండిరి.

వెలుతురు విషయమున ఆతని ఉపాయము మరింత సులభము. కప్పులో రెండు మట్టిపెంకులను తీసి, అదే కొలతలో దొరకు అద్దపుపెంకులను వాని స్థానమున పెట్టించెను. గోడ పగులగొట్టి కిటికీ పెట్టు శ్రమలేదు, పెంకుల వరుసకు భంగములేదు. నేను చూచుచుండగనే, ఎన్నడును సూర్యకాంతి యెఱుగని ఆ గదిలో రోటిమీద ఎండ పడెను. ఆ గృహిణి పప్పుడబ్బాలను ఒక్కొక్కటిగ వెలుతురునకు పట్టి చూచి, పురుగుపట్టిన రెండింటిని ఏరి అవతల పెట్టెను. వంటింటి వెలుతురు ఆరోగ్యమునకు సంబంధించిన సంగతియని ఇంతకంటె వేరుగ చెప్పనక్కరలేదు.

పొయ్యిగట్టుమీద పరచిన నల్లని కడపబండ మాత్రము మార్చవలసినదే యని ఆ యింటి కోడలు పట్టుపట్టెను. అది సున్నపురాయి జాతిది గనుక చింతపండు, నిమ్మరసము పడినచోటనెల్ల పాలిపోయి మచ్చలు కట్టియుండెను. ఎమిరీ కాగితముతో తడిగ రుద్ది, ఆరిన తరువాత పలుచగ నూనె పట్టించినచో మచ్చలు చాలవరకు మాయునని మేస్త్రి చెప్పి, ఒక మూల చేసి చూపగా ఆమె తన పట్టు విడిచినది. పులుసుగిన్నె దింపుటకు ఒక చెక్కపీట నుంచుకొన్నచో ఆ బండ ఇంకొక తరమునకు వచ్చును.

బందరునుండి గుడివాడ పోవు రైలుమార్గమున పెడన యున్నది. టేకుదిమ్మెలపై చెక్కిన అచ్చులతో వస్త్రములపై కలంకారీ వేయు కార్ఖానాలు గల ఊరది. కరక్కాయ నీటిలో నానిన బట్టపై అచ్చు పడినంతనే నల్లని రేఖ తేలుట చూచుచు చాలసేపు నిలిచితిని. కాని నేను పోయిన పని వేరు. అచ్చు కొంచెము జరిగిన బట్టలను, మిగులుముక్కలను అచ్చట తక్కువ వెలకు అమ్ముదురు. గట్టుక్రింద తలుపులు చెదలు తినిపోయిన అలమరలకు కొత్త తలుపులు చేయించు స్తోమతు లేనివారు, ఒక తీగ బిగించి ఇట్టి బట్టను తెరగా వ్రేలాడదీయుట ఆ ప్రాంతపు ఇండ్లలో చూచితిని. గాలి ఆడును, చెమ్మ నిలువదు, ఉతుకవచ్చును. పొయ్యికి సమీపమున మాత్రము ఏ బట్టయు వ్రేలాడరాదు. అంగళ్లలో చుట్టలుచుట్టి అమ్ము నిగనిగలాడు అంటుకాగితములను పొయ్యి వెనుకగోడకు అంటించుకొను అలవాటు నాకు బొత్తిగ నచ్చదు. అవి వేడికి ముడుతపడును, క్రిందనున్న చెమ్మను కప్పిపుచ్చి గోడను మరింత చెఱచును.

గుడివాడలో పాతకలప అమ్ము ఒక అడితిలో గడపితిని. పడగొట్టిన లోగిళ్లనుండి వచ్చిన ద్వారబంధములు, కిటికీలు, దూలములు అచ్చట గుట్టలుగ పడియుండును. తాతలు రంగూనుకలప తెప్పించి కట్టిన యిండ్లను మనుమలు పడగొట్టి, ఆ కలపను తూకమునకు అమ్మి, దానికి బదులుగ నీరు తగిలిన ఉబ్బు పొట్టుచెక్కల పెట్టెలను కొనుచున్నారను మాట వడ్రంగి చెప్పగా వినుట కష్టముగ నుండెను. ఈ తేమసీమలో పొట్టుచెక్క గిన్నెలు కడుగు తొట్టిక్రింద ఎన్నాళ్లు నిలువగలదు? ఆతడు నాకొక పని చూపెను. ఎవరిదో వంటింటి అలమర. చట్టము టేకుది, దృఢముగ నున్నది. తలుపుల పలకలే పుచ్చినవి. ఆ పలకలను తీసి ఒకవైపు ఇనుపజాలిని, మరియొకవైపు పాతకిటికీ చెక్కను బిగించి, చట్టమును ఉప్పుకాగితముతో రుద్ది మెరుగుపెట్టి, ఇత్తడి పిడులను చింతపండుతో తోమి మరల వానినే తగిలించెను. "చట్టం బాగుంటే అలమర బాగున్నట్టేనండి, పలకలదేముంది" అని ఆతని అభిప్రాయము. కొత్త అలమర వెలలో అతిస్వల్పభాగముతో ఆ పని తీరినది.

గుడివాడనుండి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగ పులిగడ్డ దాటి దివిసీమలో ప్రవేశించితిని. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలకొలది ప్రాణములను హరించిన తరువాత, ఇచ్చట ప్రభుత్వమును, సేవాసంస్థలును ఎన్నియో గ్రామములలో గట్టికప్పు గల చిన్నయిండ్లను కట్టించి యిచ్చినవి. ప్రాణరక్షణమే ప్రధానమైన ఆ యిండ్లలో వంటకు వేరుగది లేని వెన్నియో. నాగాయలంక వైపున నేను చూచిన యింటిలో వసారాకు తడిక కట్టి వంటిల్లు చేసికొనిరి. ఆ యింటి యిల్లాలు రొయ్యలచెరువుపై కూలికి పోవునది. గ్యాసుపొయ్యి యున్నది, అయినను నీరు కాచుటకు, అన్నము వండుటకు కట్టెలపొయ్యియే. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో కేంద్రమువారి ఉజ్జ్వల పథకము స్త్రీలకు గ్యాసు కనెక్షన్ల నిచ్చినను, బండ అయిపోయిన దినమున డబ్బుండవలెను గదా యని ఆమె ప్రశ్న.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు 1953లో పొగలేని వంటిండ్లను గూర్చి ఒక చిన్నపుస్తకము ప్రకటించిరి. మట్టితోనే కట్టుకొనదగిన పొయ్యి, ఒక్క మంటతో వరుసగ పలుపాత్రలు కాగుటకు రంధ్రములు, కడపట పొగను కప్పుపైకి గొంపోవు గొట్టము, ఇదియే వారి ఏర్పాటు. బీదయింటి పొగను గూర్చి ఇంజనీరు ఆలోచింపవలెనని ఆ కాలముననే తలచిన తెలుగుదేశపు విద్వాంసునికి మన గృహిణులు ఋణపడియున్నారు. 1980 దశకమున భారతప్రభుత్వము చేపట్టిన మెరుగుపొయ్యిల ఉద్యమమున ఊరూర పొగగొట్టములు లేచినవి. కాని మసిపట్టిన గొట్టమును శుభ్రపరచుట నేర్పనిచోట్ల అవి మూసుకొనిపోయి పొగ మరల ఇంటిలోనికే తిరిగినది. నేను చూచిన యింటిలో ఆమె తమ్ముడు సిమెంటుగొట్టమును తడిక వెలుపలకు నిలిపి, అడుగున మసి దులుపుటకు మూతగల రంధ్రము నుంచెను. పదిహేను దినముల కొకసారి దులుపుదుమని ఆమె చెప్పినది. వసారా గోడమీది మసి ఆమె మాటకు సాక్ష్యముగ పలుచబడియుండెను.

గ్యాసుపొయ్యి మాత్రము నేలమీదనే, బండకంటె దిగువన నుండుట చూచి నాకు భయము కలిగెను. ఆ వాయువు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున నిలుచును. అందుచే పొయ్యి బండకంటె ఎత్తున నుండవలెను, గాలి పోవుటకు గోడ అడుగున రంధ్రము కావలెను, రబ్బరుగొట్టమును ఐదేండ్లకొకసారి మార్చవలెను. ఆమె తమ్ముడు వినినంతనే, చెరువుగట్టున పడియున్న ఇటుకలతో రెండు దిమ్మలు కట్టి, పైన నాపరాయి పరచుటకు అంచనా వేసెను. ఎత్తు ఎంత యని ఆతడడుగగా, వండునామెనే నిలుచుండబెట్టి కొలువుమంటిని. పొయ్యిమీది గిన్నె అంచు ఆమె మోచేతికి నాలుగైదంగుళములు దిగువన నుండునట్లు గట్టు కట్టినచో నడుము వంపనక్కరలేదు.

"ముందు గట్టు కట్టాలా, మురుగు సంగతి చూడాలా?" అని ఆమె తమ్ముని అడిగెను. గిన్నెలు కడిగిన నీరు గోడమొదటనే నిలుచుచుండెను. గోడకు చవుడెక్కుటకు అదియే మూలము. నేను చూచిన మూడుచోట్లను పనివాండ్రందరు చెప్పిన వరుస యొక్కటే: మొదట నీరు పోవు దారి, తరువాత పొగ పోవు దారి, ఆపైన వెలుతురు, అటుపిమ్మట గట్టు, అలమర, రంగులు, తెరలు కట్టకడపట. ఆతడును అదేమాట చెప్పి, గోడవెంట కాలువ తీసి, అరటిబోదెల మడి వరకు వాలు పెట్టి, పగిలిన పెంకులు పరచుటకు రెండురోజుల పని యనెను. సున్నము మాఘము వచ్చి గోడ ఆరినతరువాతనే యని ఆమెకు నచ్చజెప్పి, పార తెచ్చుటకు పొరుగింటికి పోయెను.