తాతయ్య సిరంజి పెట్టె

సావనీరుకు ఏదయినా రాసిమ్మని యూనియన్ కార్యదర్శి మా రూముకి మూడుసార్లు వచ్చాడు. కవిత్వం నాకు రాదు. కథ రాసే ఓపిక లేదు. చివరికి విసిగిపోయి, "పోనీ నీ ప్రాజెక్టు గురించే రాయరాదుటోయ్!" అన్నాడు. ప్రాజెక్టు గురించి రాస్తే మెకానికల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ చదవరు. అయితే ఆ ప్రాజెక్టు వెనుక మా యింటి సంగతి ఒకటి ఉంది. అది అందరికీ చెప్పదగ్గదే అనిపించి మొదటిసారిగా కలం పట్టాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తాతయ్య కోనసీమలోని మా ఊళ్ళో కాంపౌండరు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారట. మిగతా అయిదు రోజులూ తాతయ్యే డాక్టరు. ఆయన దగ్గర ఒక చిన్న స్టీలు పెట్టె ఉండేది. అందులో మూడు గాజు సిరంజిలు, అరడజను సూదులు. స్పిరిట్ స్టౌ మీద వాటిని మరిగించి, పటకారుతో తీసి, పని అయ్యాక మళ్ళీ మరిగించేవారు. మొన మొద్దుబారితే సానరాయి మీద నూరుకొనేవారు. ఇరవై యేళ్ళు అవే సిరంజిలు! ఆ పెట్టె ఇప్పటికీ మా యింటి బీరువాలో ఉంది.

ఫైనలియర్‌లో నేను ఎన్నుకొన్న విషయం పర్యావరణానికి చేటు చెయ్యని వైద్య పరికరాల రూపకల్పన. ముందు వ్యర్థం ఎలా ఉంటుందో చూద్దామని, మా అత్తయ్య హెడ్‌నర్సుగా పనిచేసే ఆసుపత్రికి వెళ్ళాను. 2016 నాటి నిబంధనల ప్రకారం నాలుగు రంగులు పెట్టారు. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో వేసి కాలుస్తారు. సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు, గ్లవుజులు ఎర్ర సంచిలోకి వెళతాయి. సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం. ఒక్క వార్డులో, ఒక్క పూటలో, ఒక పెద్ద ఎర్ర సంచి నిండిపోవటం నా కళ్ళతో చూశాను. పీవీసీ ప్లాస్టిక్కు పొరపాటున పసుపు సంచిలో పడి కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ప్రపంచం మొత్తం వదిలే కర్బన వాయువుల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో ఒక అంచనా వచ్చింది. రోగాన్ని తగ్గించే వృత్తే రోగకారణాల్లో ఒకటి కావటం ఎంత విడ్డూరం!

నాకు వెంటనే తాతయ్య పెట్టె గుర్తుకొచ్చింది. జవాబు మా బీరువాలోనే ఉందిగదా అనుకొన్నాను. పగలని గాజు సిరంజి, దానికి సూర్యరశ్మితో నడిచే చిన్న స్టెరిలైజరు! రెండు రాత్రులు కూర్చుని బొమ్మలు గీశాను. ఆదివారం నాడు అత్తయ్యకు చూపించాను, మెచ్చుకొంటుందని.

అత్తయ్య కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. లేచి వెళ్ళి బీరువాలోంచి ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతయ్య సూది వెయ్యటం ఎందుకు మానేశారో నీకెవరైనా చెప్పార్రా?" అంది.

నాకు తెలియదు. వయసు మీదపడి మానేశారనుకొన్నాను.

1987 వానాకాలంలో మా ఊళ్ళో జ్వరాలు విరుచుకుపడ్డాయట. అరుగు మీద రోజుకు అరవై మంది. అంతమందికీ మూడే సిరంజిలు. మరిగించటానికి వ్యవధి లేక, సూది ఒక్కటే మార్చి అదే సిరంజితో ముగ్గురు నలుగురికి వేసేవారు. ఆ రోజుల్లో చాలాచోట్ల జరిగిందదే. తప్పని ఎవరికీ తోచలేదు. మూడు నెలలు తిరిగేసరికి ఒకే వీధిలో అయిదుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. వాళ్ళలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె దక్కలేదు. ఊళ్ళో అందరూ నీళ్ళ దోషమన్నారు. కొన్నాళ్ళకు టౌన్‌లో జరిగిన ఒక శిక్షణకు తాతయ్య వెళ్ళారు. కామెర్ల క్రిమి సిరంజి ద్వారా కూడా పాకుతుందని అక్కడ చెప్పారు. ఆ రాత్రి ఇంటికొచ్చి పెట్టె మూసేసిన మనిషి మళ్ళీ తెరవలేదట.

"ఆయన సంగతి సరే. సిరంజిలు మరిగించే పని నాది. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఒకరోజు స్పిరిట్ అయిపోవస్తోందని ముందుగానే గిన్నె దింపేశాను. అది ఏ రోజో గుర్తు లేదు. గుర్తుంటే బాగుండునో, లేకపోవటమే మంచిదో ఇప్పటికీ తెలీదు," అంది అత్తయ్య. కాసేపాగి, "భూమిని కాపాడతానంటున్నావు, మంచిదే నాయనా. ముందు మంచం మీదున్న వాణ్ణి కాపాడు," అంది.

నా బొమ్మల కాగితాలు నేనే మడిచి జేబులో పెట్టుకొన్నాను.

తరవాత లైబ్రరీలో కూర్చుని చదివితే, మా ఊరి కథ ఒక్క మా ఊరిది కాదని తెలిసింది. 2000 సంవత్సరంలో శుభ్రంలేని ఇంజెక్షన్ల వల్ల 2 కోట్ల 10 లక్షల మందికి హెపటైటిస్-బి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. అందుకే, టీకాలకు ఒకసారి వాడగానే తనంతట తానే బిగుసుకుపోయే సిరంజిలనే వాడాలని ఆ సంస్థ, యునిసెఫ్ కలిసి 1999లోనే చెప్పాయి. రెండోసారి పనికిరాకుండా చెయ్యటమే ఆ ఇంజనీరు గొప్పతనం! పారెయ్యటం అక్కడ దుబారా కాదు, ధర్మం.

మరి అన్నింటినీ పారెయ్యాల్సిందేనా? దీనికి స్పాల్డింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చేసిన విభజన దారి చూపించింది. రక్తంలోకి, కండలోకి వెళ్ళేవి ఒక రకం. వాటిలో క్రిమి అన్నది ఉండకూడదు. నోరు, గొంతు వంటి తడి పొరల్ని తాకేవి రెండో రకం. పైచర్మాన్ని మాత్రమే తాకేవి మూడోవి. వీటిని శుభ్రంగా తుడిస్తే చాలు. మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో మొదటి రకం పనిముట్లను కూడా పకడ్బందీగా స్టెరిలైజ్ చేసి మళ్ళీ మళ్ళీ వాడతారు. అక్కడ ఒక శుక్లాల ఆపరేషనుకు వెలువడే కర్బనం సుమారు ఆరు కిలోలనీ, బ్రిటన్‌లో దానికి ఇరవై రెట్లనీ 2017లో లెక్క తేలింది. అయినా ఇన్ఫెక్షన్లు అక్కడ ఎక్కువేమీ కాలేదు. గుట్టు పరికరంలో ఒక్కదానిలోనే లేదు, దాన్ని కడిగే చేతుల క్రమశిక్షణలో కూడా ఉంది. అరవై మంది రోగులకు మూడు సిరంజిలున్నచోట ఆ క్రమశిక్షణ నిలవదు.

కాబట్టి నేను మూడో రకంతో మొదలుపెట్టాను. 2021 మే నెలలో తాతయ్యకు కోవిడ్ వచ్చినప్పుడు వేలికి తగిలించే ఆక్సీమీటరు కొన్నాం. ఆయన కోలుకున్నారుగానీ, ఏడాది తిరక్కుండా దాని స్ప్రింగు విరిగింది. విప్పుదామంటే మూత జిగురుతో అంటించేశారు. లోపలి దీపాలు, సర్క్యూటు బాగానే ఉన్నా, రూపాయి స్ప్రింగు కోసం మొత్తం చెత్తే! విప్పగలిగే ఆక్సీమీటరు చెయ్యాలనుకొన్నాను.

మొదటి నమూనా త్రీడీ ప్రింటరు మీద తీశాను. అత్తయ్య వేలితో తడిమి, "ఈ గీతల్లో మురికి చేరితే ఎలా తుడుస్తావురా? ఈ మర గుంటల్లో?" అంది. రెండోది పాలీకార్బనేట్‌తో నునుపుగా చేశాను. పదిహేను రోజులు స్పిరిట్‌తో తుడిచేసరికి వెంట్రుకల్లాంటి పగుళ్ళు. మూడోది పాలీప్రొపిలీన్. స్పిరిట్‌కు బెదరదు. పైగా పల్చగా చేస్తే తానే మడతబందులాగ వంగుతుంది, స్ప్రింగే అక్కరలేదు. మరలు రెండే, అవీ బ్యాటరీ మూత లోపల. వేలికి తగిలే సిలికాన్ మెత్త ఊడదీసి కడుక్కోవచ్చు. రంగు అంటుకోదు గనక అక్షరాలు ఉబ్బెత్తుగా పెట్టాను. "మళ్ళీ సందులేనా?" అంది అత్తయ్య. అక్షరాలు లోపలికి పోయాయి. మా గైడుగారికన్నా నాకు ఎక్కువ మార్కులు కోసింది అత్తయ్యే అంటే అతిశయోక్తి కాదు.

ఇది పూర్తయిందని చెప్పుకోలేను. మన వర్క్‌షాపులో దిమ్మ నుంచి చెక్కిన మడత కొన్ని వందల సార్లకే తెల్లబడి చిట్లుతోంది. కరిగించి మోల్డులో పోస్తేనే ఆ ప్లాస్టిక్కుకు వేలసార్లు వంగే గుణం వస్తుంది. మోల్డు చేయించే తాహతు మాకు లేదు. ఈ సంచిక చదివే పూర్వవిద్యార్థుల్లో మోల్డింగు కర్మాగారాలున్నవారు ఎవరైనా ఒక్క పూట యంత్రం ఇప్పిస్తే, డిపార్టుమెంటులో ఒక మాట చెప్పగలరని మనవి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క సంగతి. ఏ వస్తువు గీసినా, దాన్ని రోజూ కడిగేవాళ్ళకు ముందు చూపించండి. ప్రొఫెసరుగారికి తరవాత చూపించవచ్చు.

తాతయ్య 2023లో పోయారు. ఆ స్టీలు పెట్టె ఇప్పుడు హాస్టల్లో నా బల్ల మీద ఉంది. అందులో సిరంజిలు అలాగే ఉంచి, పక్కన నా విరిగిన నమూనాలు వేస్తున్నాను.