గప్పీలకీ ఓ ఫ్యాన్‌

చేపకి చెమట పట్టదు. చలేస్తే దుప్పటి కప్పుకోలేదు. నీళ్లు ఎంత వేడెక్కితే దాని ఒళ్లూ అంత వేడెక్కుతుంది. చెరువులో అయితే లోతుకి వెళ్లి తలదాచుకుంటుంది. మా హాల్లో ఉన్న 50 లీటర్ల గాజు తొట్టెలో ఆ లోతెక్కడిది?

అక్వేరియం కొనగానే షాపువాళ్లు హీటర్‌ కూడా అంటగడతారు. లీటరుకి ఒక వాట్‌ లెక్కన నేనూ 50 వాట్లది తెచ్చా. గప్పీలకీ మోలీలకీ 24 నుంచి 28 డిగ్రీలుంటే హాయి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్‌ పనికొస్తుంది. అసలు పరీక్ష మాత్రం ఏప్రిల్‌, మే నెలలే. మాది టాప్‌ ఫ్లోర్‌. మధ్యాహ్నానికల్లా తొట్టె నీళ్లు 32 దాటేస్తాయి.

చిక్కంతా ఆక్సిజన్‌తోనే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 దగ్గర ఏడున్నరే. పైగా వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగం అందుకుని ఆక్సిజన్‌ ఇంకా ఎక్కువ కావాలి. సర్వర్‌ కెపాసిటీ తగ్గిన రోజే ట్రాఫిక్‌ పెరిగినట్టన్నమాట. అలాంటప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలికి కాదు, ఊపిరాడక.

ఐస్‌ముక్కలు వేసేద్దామనిపిస్తుంది. వద్దు, ఉన్నట్టుండి చల్లబడినా ప్రమాదమే. నేను మూత తీసి, చేపలు బయటికి దూకకుండా వల కప్పి, నీటి మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాన్‌ పెట్టా. మట్టికుండ కిటుకే ఇది. ఆవిరయ్యే నీరు వేడిని తనతో పట్టుకెళ్తుంది. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉక్కపోత ఎక్కువుండే విశాఖలో ఇంత ఫలితం ఉండదు. ఆవిరై తగ్గిన నీటిని, రాత్రే బకెట్‌లో పట్టి ఉంచిన నీళ్లతో తెల్లారి నింపుతా. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చేవి వేణ్నీళ్లే మరి!

“చేపలకి ఫ్యానేంట్రా, కరెంటు దండగ” అని అమ్మ నవ్వేది. మొన్న మేలో మా ఇంటికొచ్చింది. ఓరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. ఫ్యాన్‌ లేదు, ఎయిర్‌పంప్‌ లేదు. అమ్మ స్టూలు వేసుకుని కూర్చుని, మగ్గుతో తొట్టెలో నీళ్లు ముంచి, కాఫీ చల్లార్చినట్టు పైనుంచి మళ్లీ తొట్టెలోకే ధారగా పోస్తోంది. “పాపం, పైకొచ్చేస్తున్నాయిరా” అంది. ఆక్సిజన్‌ లెక్కలేవీ తనకి నేను చెప్పలేదు. పడే ధార నీటిలోకి గాలిని కలుపుతుంది. చేయాల్సింది సరిగ్గా అదే!

ఇప్పుడు ఎండాకాలం ఊరి నుంచి ఫోన్‌ చేస్తే మొదటి ప్రశ్న, “ఎంతుందిరా అక్కడ?”

“నలభై అమ్మా.”

“ఊళ్లో కాదు, తొట్టెలో!”