సినిమా పోయినా షో ఆగలేదు

1995లో కెవిన్ కోస్ట్నర్ ‘వాటర్‌వరల్డ్’ వచ్చింది. అప్పటికి అంత ఖర్చుపెట్టి తీసిన సినిమా హాలీవుడ్‌లో ఇంకోటి లేదు. వసూళ్లేమో ఆ ఖర్చుకు తగ్గట్టు లేవని ఒకటే గోల. అదే ఏడాది యూనివర్సల్ స్టూడియోస్ హాలీవుడ్‌లో మొదలైన దాని స్టంట్ షో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది! ఒసాకా, సింగపూర్, బీజింగ్‌లకూ పాకింది. నీళ్లలో జెట్‌స్కీలు, మంటలు, ఉన్నట్టుండి గోడ మీంచి వచ్చి పడే విమానం... చప్పట్లు కొట్టేవాళ్లలో ఆ సినిమా చూసినవాళ్లు ఎందరుంటారంటారు?

అందుకే, పాత సినిమా రైడ్ కాబట్టి పీకేయాల్సిందే అంటే నేనొప్పుకోను. సొరచేప సినిమా ‘జాస్’ రైడ్‌ని ఓర్లాండో యూనివర్సల్‌లో 2012 జనవరిలో మూసేసి, ఆ స్థలంలో హ్యారీ పోటర్ వీధి కట్టారు. వ్యాపారం లెక్కన సరే. ఆ సొరచేప మీద జాలి మాత్రం పోదు నాకు.

డిస్నీ వాళ్ల స్ప్లాష్ మౌంటెన్ రైడ్ సంగతి వేరు. దానికి మూలం 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’. నల్లజాతివాళ్లను చూపిన తీరుకు ఎంత చెడ్డపేరంటే, అమెరికాలో ఆ సినిమా వీడియో క్యాసెట్‌గా కూడా రాలేదు. జనానికి చూపించలేని సినిమా మీద 1989లో రైడ్ కట్టడమేంటో! 2024లో అదే కాలువ, అదే జారుడు ఉంచి, లోపల డిస్నీ రాకుమారి టియానా కథ పెట్టారు. ఇది నచ్చింది. కడుపులో తిప్పేది ఆ జారుడే కదా, బొమ్మలు ఎవరివైతేనేం.

ఇక ఓర్లాండోలో 1990 నుంచి ఎగురుతున్న ఈ.టి. రైడ్ సైకిళ్ల జోలికి ఎవరైనా వెళ్తే... ప్లకార్డు పట్టుకుని నేనూ గేటు దగ్గర కూర్చుంటా.