తొందరపెట్టే మాట

మా ఊరి దేవీచౌక్ దాటుతుంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే. ర్యాంకర్ల ఫొటోలు, కింద ‘సీట్లు కొన్నే’ అన్న మాట. చదవగానే నాలో ఏదో కంగారు. దానికి కారణం రాబర్ట్ చాల్దీనీ 1984లో రాసిన ‘ఇన్‌ఫ్లుయెన్స్’ పుస్తకంలో దొరికింది. చేజారిపోతుందనుకున్న దాని మీదే మనసు ఎక్కువ పడుతుంది. పదిమంది చేసేదే సరైనదనిపిస్తుంది. ప్రకటనలు పట్టుకునేది ఈ రెండింటినే.

అయితే పదిమందిని చూసి నడిచే ఈ గుణమే నన్ను బాగుచేస్తోంది కూడా. రచయిత యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ చదివితే ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహం నిలబడింది మాత్రం మా ఊరి గౌతమీ గ్రంథాలయంలో, చదువుకునేవాళ్ల మధ్య కూర్చున్నప్పుడే.

ఒప్పించడం తప్పేం కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టింది మనుషుల్ని ఒప్పించడానికే. ఆయన కారణాలు చెప్పి, ఆలోచించమన్నారు. తొందరపెట్టే ప్రకటన ఆ ఆలోచించే వ్యవధినే లాగేసుకుంటుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కానీ చట్టం కదిలేలోపే అమ్మానాన్నలు ఫీజు కట్టేసి ఉంటారు. అందుకే నా తోటి విద్యార్థులకు ఒకటే మాట: ‘ఈరోజే ఆఖరు’ అని ఎవరన్నా సరే, రేపటిదాకా ఆగండి. అక్కడ చదివినవాళ్లను అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.