మున్నీ జుబాన్ ఇచ్చిన ఖైదీ

మా ఇంట్లో శనివారాలు ఇషా నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేసి, అదే చోట ఒక ఆట పరుస్తాం. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పేరు వింటే కంప్యూటర్ ఆట అనుకుంటారు. కాదు. కాగితం, పెన్సిలు, నోరు, ఇవే సామాను. ఒకరు ఖిస్సా చెబుతారు: "అడవి దాటారు. ఎదురుగా పాడుబడ్డ ఖిలా. ఫాటక్ దగ్గర ఇద్దరు పహరావాళ్ళు. ఏం చేస్తారు?" మిగతావాళ్ళు తలా ఒక కిర్దార్ పట్టుకుని జవాబు చెప్పాలి. ఒకడు తల్వార్ దూస్తానంటాడు. ఒకామె సలాం చెప్పి మాట కలుపుతానంటుంది. అనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలిచేవాళ్ళూ ఓడేవాళ్ళూ ఉండరు. ఖిస్సా వారం వారం సాగుతుంటుంది.

ఖిస్సా చెప్పేది నేను. ఆడేవాళ్ళు మా భాయ్‌జాన్ పిల్లలు, నేను వాళ్ళకు ఫుప్పూని. అసలు పేర్లు రాస్తే నా మీదికి జంగ్‌కి వస్తారు కాబట్టి ఇంట్లో పిలుపులే రాస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బడేమియా (ఆట పుస్తకం తెచ్చింది వీడే), వాడి చెల్లెలు మున్నీ, ఇంటర్ చదివే ఛోటేమియా, ఇంకా బడేమియా దుల్హన్. ఈ పిల్ల నికా అయి ఏడాది కాలేదు, హైదరాబాద్ నుంచి మా గుంటూరు ఇంటికి వచ్చింది.

మొదటి రోజే పాచికలు చూసి అమ్మీ "ఇంట్లో పాసా వద్దు" అంది. పైసల పందెం లేదు దాదీ అని బడేమియా ఎంత చెప్పినా వినలేదు. కావాలంటే ఖురా తీసుకోండి అంది. అమ్మీ మాట మీద మా ఇంట్లో బహస్ ఉండదు. ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు రాసిన చీటీలు స్టీలు డబ్బాలో వేశాం. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వేసి కలపాలి, లేకపోతే పందొమ్మిదే మిగులుతాయి, హిసాబ్ అంతా మారిపోతుంది అని బడేమియా పావుగంట సబఖ్ చెప్పాడు. ఛోటేమియా అప్పటికే ఆవలిస్తున్నాడు. ఎవరి మిజాజ్ ఏమిటో నాకు అక్కడే తెలిసిపోయింది.

బడేమియాకి ఆటంటే తద్బీర్. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ మంత్రం ఎప్పుడు వాడాలి, దారిలో తిండి ఎన్ని రోజులొస్తుంది, అన్నీ నోటుబుక్కులో ఉంటాయి. మున్నీ వేరు. తన కిర్దార్ ఒక హకీమ్ కూతురు. ఆ పిల్ల ఎలా నవ్వుతుంది, దేనికి భయపడుతుంది, అన్నీ మున్నీకి తెలుసు. పహరావాడితో అరగంట మాట్లాడి వాడి పిల్లల సంగతులు కనుక్కుంటుంది. ఛోటేమియాకి కావలసింది కత్తి దెబ్బ, అంతే. దుల్హన్ చాయ్ తెచ్చి పెట్టి, ఒక మూల కూర్చునేది. తన వంతు వచ్చినప్పుడు నోరు తెరిచేలోపే బడేమియా "నువ్వు వెనక్కి వెళ్ళి బాణం వెయ్" అనేవాడు. ఆమె వేసేది. తర్వాత తర్వాత వంటింట్లో పనుందని రావడం మానేసింది.

తకరార్ పుట్టింది ఒక ఖైదీ దగ్గర. డాకూల గుంపులో కుర్రాడొకడు దొరికాడు. దారి చెబితే ప్రాణం తియ్యమని మున్నీ జుబాన్ ఇచ్చింది. వాడు చెప్పాడు. మున్నీ కట్లు విప్పుతుంటే బడేమియా "వీడు వెళ్ళి ఖబర్ ఇస్తే మనందరం పోతాం, నేను పొడిచేస్తున్నా" అన్నాడు. చీటీ తీస్తే పద్దెనిమిది. ఖైదీ పోయాడు. మున్నీ చేతిలో కాగితం కింద పెట్టి, "నేను మాట ఇచ్చాను భాయ్‌జాన్" అని లేచి వెళ్ళిపోయింది. "ఆటేగా!" అన్నాడు వాడు. రెండు వారాలు అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. మూడు నెలల్లో మున్నీ రుఖ్‌సతీ పెట్టుకుని ఈ ఖామోషీ ఏమిటని మా భాభీ నా మీద విరుచుకుపడింది.

ఈ గొడవ మా ఇంట్లో మొదలైంది కాదు. ఈ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చేశారు. అంతకుముందు వాళ్ళు బొమ్మ సిపాయిలతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్ళు. హిసాబ్ అక్కడిది. ఫౌజ్‌ని కాకుండా ఒకే ఒక్క మనిషిని పట్టుకుని, ఆ మనిషిలా మాట్లాడటం దాని మీద వచ్చి చేరింది. అంటే బడేమియా, మున్నీ ఇద్దరూ పుట్టుకతోనే ఆటలో ఉన్నారు. 1980లోనే గ్లెన్ బ్లాకో ఆడేవాళ్ళను నాలుగు రకాలుగా విడదీసి రాశాడు: ఎత్తులు వేసేవాళ్ళు, కిర్దార్‌లో బతికేవాళ్ళు, తాఖత్ పెంచుకునేవాళ్ళు, కథ కోసం కూర్చునేవాళ్ళు. 2002లో రాబిన్ లాస్ ఇంకా పెద్ద ఫెహ్‌రిస్త్ ఇచ్చాడు. అందులో ఊరికే అయినవాళ్ళ పక్కన కూర్చోవడానికి వచ్చేవాళ్ళకు కూడా చోటుంది.

నాకైతే మన దాస్తాన్‌గోల లెక్కే దగ్గరగా అనిపిస్తుంది. అమీర్ హంజా దాస్తాన్‌లోని తిలిస్మ్-ఎ-హోష్‌రుబాని లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి సంపుటాలుగా అచ్చేసింది. అలాంటి దాస్తాన్‌కు నాలుగు అంగాలంటారు: రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. యుద్ధం, కొలువు, మాయ, జిత్తులు. మా ఛోటేమియా రజ్మ్, మున్నీ బజ్మ్, బడేమియా అచ్చం అమర్ అయ్యార్. దుల్హన్ ఏమిటో ఎవరూ అడగలేదు.

ఇలాంటప్పుడు కొందరు ఖిస్సాలోనే సజా వేస్తారు. ఖైదీని చంపినవాడి మీద ఖైదీ బంధువులను ఉసిగొల్పి బుద్ధి చెప్పాలని చూస్తారు. నాకది నచ్చదు. మనుషుల మధ్య వచ్చిన మాట మనుషుల మధ్యే తేలాలి. ఆ శనివారం డబ్బా తియ్యలేదు. చాయ్ పోసి, నీకు ఆటలో మజా ఎక్కడొస్తుందో చెప్పు అని ఒక్కొక్కరినీ అడిగాను. దుల్హన్‌ని చెయ్యి పట్టుకుని వంటింట్లోంచి తెచ్చాను. ఆమె చాలాసేపు కొంగు సర్దుకుని, "తలుపులు తెరిస్తే లోపల ఏముందో చూడాలని ఉంటుంది ఫుప్పూ. మేం ఎప్పుడూ తలుపు పగలగొట్టుకుని పరిగెడతాం" అంది. బడేమియా ఆమె వైపు చూశాడు. తన ఇంటి మనిషి గొంతు కొత్తగా విన్నట్టున్నాడు.

రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకరి వంతులో ఇంకొకరు సలహా ఇవ్వకూడదు, అడిగితే తప్ప. ఒకరు జుబాన్ ఇస్తే అది అందరి జుబాన్. రెండోదానికి బడేమియా తేలిగ్గా ఒప్పుకోలేదు. "మూర్ఖంగా మాటిస్తే అందరం చావాలా?" అన్నాడు. వాడన్నదీ తప్పు కాదు. మాట ఇచ్చే ముందే మష్వరా అడగాలని మున్నీ తగ్గింది.

అప్పుడు తఖ్త్ మీద పడుకున్న అమ్మీ, నిద్రపోయిందనుకున్న మనిషి, గోడవైపు తిరిగే అడిగింది: "ఆ పిల్లోడి తల్లికి ఎవరన్నా ఖబర్ చెప్పార్రా?"

ఎవరూ మాట్లాడలేదు. ఖైదీకి తల్లి ఉందని నేను కూడా ఖిస్సాలో చెప్పలేదు. కాసేపాగి మున్నీ, "శవాన్ని వాళ్ళ ఊరు తీసుకెళ్తాం" అంది. బడేమియా నోటుబుక్కు తీశాడు. ఆరు నెలలుగా మంత్రపు కత్తి కోసం వాడు కూడబెడుతున్న అష్రఫీల హిసాబ్ అది. నలభై కొట్టేసి, "ఆమెకివ్వండి" అన్నాడు. కత్తికి మళ్ళీ మొదటి నుంచి జమ చెయ్యాలి. మున్నీ ఆ లెక్క చూసి, "భాయ్‌జాన్, ముప్పై చాలు" అంది. రెండు వారాల తర్వాత మొదటి మాట. వాడు వినలేదు, నలభయ్యే ఇచ్చాడు.

ఊళ్ళో ఆ ఇంటి తలుపు మూసి ఉందన్నాను. దుల్హన్ వంతు. బడేమియా నోరు తెరిచి, మూసుకుని, చాయ్ కప్పు ఎత్తాడు. ఆమె ముందు తలుపు చెక్క ఎలా ఉందో అడిగింది, తర్వాత గడప దగ్గర చెప్పులెన్ని ఉన్నాయో అడిగింది. రెండు జతలు ఉన్నాయన్నాను. అయితే లోపల ఇంకొకరున్నారు అంది మెల్లగా.

"ఇంతకీ ఈ వారం కొట్లాట ఉందా లేదా?" అన్నాడు ఛోటేమియా. డబ్బా వాడి ముందుకు తోశాను. చీటీలో మూడు వచ్చింది.