ద్వీపంలో భోజనం వేళ

క్రిస్మస్ సెలవులలో అండమాను దీవులు చూద్దామని ఇంట్లో అనుకొన్నప్పుడు మా అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఆడ ఏం తింటం బిడ్డా?" అని. కల్హేర్‌లో జొన్నరొట్టె లేనిదే ఆమెకు పూట గడవదు. పైగా చక్కెర వ్యాధి. రెండు పూటలా ఇన్సులిన్ సూది. సూది పడిన అరగంటలో కంచం ముందుండాలి. అందుచేత మా ప్రయాణంలో హోటలు వెదకడం సరదా పని కాలేదు. ఎందుకైనా మంచిదని ఆమె ఎండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొని బయలుదేరింది.

2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో మాకు ఏ ఇబ్బందీ కలుగలేదు. అబర్దీన్ బజారులో ఇడ్లీ, దోశ, అన్నం, సాంబారు అన్నీ ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెలుగు మాటలు వినబడేసరికి అత్తమ్మ ముఖం వికసించింది. ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు అక్కడ చాలామంది. కూరగాయలు, ఉల్లిగడ్డలు చాలవరకు చెన్నై, కలకత్తా, విశాఖపట్నం నుండి సుమారు 1200 కిలోమీటర్లు ఓడలో రావాలి. గనుక అక్కడ కూర కోసం పట్టుపట్టక చేప, కొబ్బరి బొండాం, అరటిపండు అడగడం మేలు. జేబుకూ మేలే.

ఒకరోజు రాస్ దీవికి (2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) వెళ్లాము. దొరల కాలపు రొట్టెల భట్టీ, దేవాలయము రెండూ శిథిలమై మర్రివేళ్ల మధ్య ఉన్నాయి. అక్కడ రాత్రి బస లేదు.

అసలు పరీక్ష హేవ్‌లాక్‌లో వచ్చింది. దానినిప్పుడు స్వరాజ్ ద్వీపం అంటారు. ఈ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే చీకటి పడుతుంది. చీకటి పడితే చిన్న హోటళ్లు సర్దుకొంటాయి. ఈ సంగతి మాకు తెలియదు. సముద్రపు ఒడ్డున ఒక పెద్ద హోటలులో కూర్చున్నాము. "పది నిమిషాలలో తెస్తాము" అన్న మాట నమ్మి అత్తమ్మకు సూది వేశాను. అరగంట గడిచింది, ముప్పావుగంట గడిచింది. కాల్చిన చేప రాలేదు. ఆమెకు చెమటలు పట్టి చేతులు వణకసాగాయి. రొట్టెల మూట బసలో ఉండిపోయింది. నేను ప్రభువా అంటూ బయటికి పరుగెత్తాను. దీపం ఆర్పబోతున్న టీ కొట్టు బెంగాలీ అమ్మ, మారుమాట లేకుండా చక్కెర ఎక్కువ వేసి టీ కలిపి తానే తెచ్చి తాగించింది. డబ్బు తీసుకోలేదు.

ఆ తరువాత మేము కంచం కంటబడనిదే సూది తీయలేదు. (మీకు ఏది తగునో మీ డాక్టరునే అడగండి.) సంచిలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉంచాము.

మరునాడు ఊరివాళ్లు తినే చోటు వెదకి మూడవ నంబరు గ్రామం బజారుకు వెళ్లాము. తూర్పు బెంగాలు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు నడుపుకొనే అన్నం హోటళ్లు అక్కడ ఉన్నాయి. అన్నం, పప్పు, చేపల పులుసు ముందే వండి ఉంటాయి గనుక కూర్చున్న వెంటనే వడ్డిస్తారు. ఆవనూనె వాసనకు అత్తమ్మ మొదట ముక్కు మూసుకొన్నది. తరువాత మూట విప్పి, రొట్టె విరిచి, పులుసులో నానబెట్టి తిన్నది. "మన నల్లవాగు చేప రుచి రాదు గని, మంచిగనే ఉన్నది" అని ఇంకో ముక్క వేయించుకొన్నది. తిబెరియ సముద్రతీరాన ప్రభువు నిప్పులమీద చేపలు పెట్టి శిష్యులను పిలిచిన సంగతి మా చిన్నవాడు గుర్తుచేస్తే, "ఆ రొట్టె జొన్నది కాకపోవచ్చురా" అన్నది.

ఓడ ఎక్కేరోజు మూటలో నాలుగు రొట్టెలు మిగిలాయి. వాటిని ఆమె టీ కొట్టు అమ్మకు ఇచ్చి, నీళ్లు చల్లి వేడి చేసుకొమ్మని వచ్చీరాని హిందీలో చెప్పి వచ్చింది.